నొక్కమన్నప్పుడల్లా

4, మంగళవారం

మూడో నంబరు యంత్రం చచ్చింది. మళ్ళీ.

పొద్దున పదింటికి పాత డిస్కు పెట్టి, లోపలున్నదంతా తుడిచి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాను. పదకొండుకల్లా తలంటిన పసిపిల్లలా మెరుస్తూ కూర్చుంది. డిస్కు నాలుగేళ్ళ నాటిది. ఈ నాలుగేళ్ళలో వచ్చిన అప్‌డేట్లన్నీ నెట్‌లోంచి దించుకోవాలి. వైరు తగిలించాను. అప్‌డేట్ల పేజీ సగం కూడా తెరుచుకోలేదు, తెర మధ్యన చిన్న పెట్టె: ఇంకో అరవై సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుంది. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది. వైరస్. మందు కొనుక్కుందామని బయల్దేరినవాడికి మందుల షాపు మెట్ల మీదే రోగం అంటుకున్నట్టు.

అత్త నా భుజం మీదుగా ఆ అంకెలు పైకి చదివింది, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు. సున్నా రాగానే, "ఇది మూడోసారి కదే?" అంది.

"నాలుగోసారి."

"నీ చదువులో దీనికి మందు లేదా?"

"ఉంది. తెచ్చుకునేలోపే చస్తోంది."

"అయితే మందు కడుపులో పెట్టుకునే పుట్టాలి," అనేసి పోయి తన కుర్చీలో కూర్చుంది. తను ఏమందో తనకు తెలియదు.

నేను సెలవు మీద వచ్చినదాన్ని. హాయిగా తిని పడుకోవచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో.

5, బుధవారం

టైపింగ్ పరీక్షల బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. అత్త దాన్ని మూడుసార్లు చదివి, స్కేలు కింద పెట్టి గీతలు గీసి, నా ముందు పెట్టింది.

టైపింగ్ పరీక్ష ఈ ఏడాది నుంచి నెట్ మీద జరుగుతుందట. పరీక్షా కేంద్రంలో, అంటే అత్త టైపింగ్ క్లాసులో, ఉన్న పద్నాలుగు యంత్రాలకూ అప్‌డేట్లన్నీ ఉండాలి. 17వ తేదీ సోమవారం పరిశీలకుడు వస్తాడు. వచ్చి, ఏదో ఒక యంత్రాన్ని వేలుపెట్టి చూపిస్తాడు. దాన్ని అక్కడికక్కడే తుడిచి, గంటలో మళ్ళీ నిలబెట్టాలి. చేయవలసింది "కేంద్రం సిబ్బంది". బయటివారు గదిలో ఉండకూడదు.

ఈ కేంద్రం సిబ్బంది అంటే అత్త. అత్త ఒక్కతే. నాన్నకి పెద్దక్క, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ మేడ మీది హాల్లో టైపింగ్ నేర్పుతోంది. వేళ్ళకి కళ్ళున్నాయి గానీ కంప్యూటర్ లోపల ఏముందో ఆవిడకి అనవసరం. గోడ మీద ఎర్ర అక్షరాలతో తను రాసిన సూత్రం ఉంది, వచ్చినవాళ్ళంతా మొదటిరోజు అదే చదవాలి: చూసి కొట్టు. ఉన్నది కొట్టు. ఊహించి కొట్టకు.

"పరీక్ష ఇక్కడ జరగదంటే ఇక్కడెవరు నేర్చుకుంటారే?" అంది అత్త. "పరీక్ష ఎక్కడో క్లాసు అక్కడే. తలుపులు మూసుకుని కూర్చోవడమే నేను."

"గంటలో అయ్యే పనేనా అది?"

"నన్నడుగుతావేం? నువ్వే చెప్పాలి."

లెక్క వేశాను. పాత డిస్కుతో ఎక్కించడానికి ముప్పావుగంట పైన. సర్వీస్ ప్యాకూ, అంటే పాత అప్‌డేట్ల పెద్ద మూటా, దాని తర్వాత వచ్చిన ఇరవై ఏడు అప్‌డేట్లూ వేరే డిస్కులోంచి ఒక్కొక్కటే వేసుకుంటూ, ప్రతిదానికీ ఆపి మళ్ళీ లేపుకుంటూ పోతే ఇంకో రెండున్నర గంటలు. కాదు. అప్‌డేట్లు ముందే కలిపేసిన డిస్కు కావాలి. ఉప్పు పైన చల్లుకోవడం కాదు, పిండిలోనే కలపాలి. పెట్టగానే దానంతట అదే లేచి, ఎక్కి, రోగం అంటని ఒళ్ళుతో నిలబడాలి.

అత్త మాటే. కడుపులో మందు.

రెండు రోజుల పని. ఎక్కువ చెప్పానేమో, ఒకరోజే.

6, గురువారం

డిస్కు రాసే యంత్రం ఈ మేడ మొత్తానికి ఒక్కటే ఉంది, కింద ఫొటో స్టూడియోలో. స్టూడియో బాబాయి పెళ్ళిళ్ళ వీడియోలు రాయడానికి కొన్నాడు. తెల్లటి గొడుగుల మధ్య, నీలం తెర ముందు, పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద నా ఆఫీసు.

ఒరిజినల్ డిస్కు మొత్తం ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. సర్వీస్ ప్యాక్ దించడానికి గంటన్నర. కలిపెయ్యమని ఒక్క ఆజ్ఞ రాస్తే ఫైళ్ళన్నీ వాటంతటవే పాతవి పోయి కొత్తవి కూర్చున్నాయి. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత తేలికా అనుకున్నాను. డిస్కు మీదికి రాశాను. పైకి పట్టుకెళ్ళి మూడో నంబరులో పెట్టాను.

ఏమీ లేదు. డిస్కు ఉందన్న సంగతే దానికి తట్టలేదు. ఫైళ్ళన్నీ ఉన్నాయి గానీ, లేపే ముక్క లేదు. డిస్కు మొదట్లో కంటికి కనపడని చిన్న ముక్క ఒకటి ఉంటుందట, కాపీ చేస్తే రాదట. దాన్ని విడిగా ఊడదీసుకోవాలట.

ఆ "అట"లన్నీ నాకు తెలిసి ఉండాల్సినవి. కంప్యూటర్ డిగ్రీ నాదే.

బాబాయి ఆ డిస్కుకి దారం కట్టి కిటికీలో వేలాడదీశాడు. "పావురాలు బెదురుతాయమ్మాయ్, ఊరికే పోదు."

సాయంత్రం పాత ఆఫీసు స్నేహితురాలు ఫోన్ చేసింది. ఏదో కంపెనీలో ఖాళీ ఉందట, రెజ్యూమె పంపనా అంది. పంపమన్నాను. పాత ఆఫీసు అని రాశాను, పాత కొట్టేయాలి. ఆఫీసు.

7, శుక్రవారం

రెండో డిస్కు. లేపే ముక్క పెట్టాను. యంత్రం లేచింది కూడా, లేచి, "లోడర్ దొరకలేదు" అని ఒక్క వాక్యం చెప్పి మొహం తిప్పుకుంది.

డిస్కు రాసే ప్రోగ్రాంలో ఒక గడి ఉంది, లేపే ముక్కలో ఎన్ని సెక్టార్లు, అంటే తునకలు, చదవాలి అని. అందులో దానంతట అదే 1 వేసి పెట్టుకుంది. 4 ఉండాలి. ఎక్కడా చెప్పరు. ఒక్క అంకె కోసం మధ్యాహ్నం అంతా పోయింది. ఆ ప్రోగ్రాం రాసినవాడు ఎదురుపడితే వాడి భోజనం పళ్ళెంలో నాలుగు ముద్దలకి బదులు ఒక్కటే పెట్టి, మిగతావి దొరకలేదని చెబుతాను.

పావురాల కాపలాకి రెండోది.

8, శనివారం

మూడో డిస్కు. సెక్టార్లు 4. లేచింది! నీలం తెర వచ్చింది! ఫైళ్ళు కాపీ అవుతుంటే పసుపు గీత జరుగుతూ ముప్ఫై ఏడు శాతం దగ్గర ఆగి, ఫలానా ఫైలు చదవలేకపోతున్నాను అంది. డిస్కు వేగంగా రాస్తే ఇలాగే అవుతుందట. అన్నిటికన్నా మెల్లగా రాయాలట.

"నేను నలభై ఏళ్ళ నుంచీ అదే చెబుతున్నా," అన్నాడు బాబాయి. "ఫొటో అయినా అంతే. కదలకుండా కూర్చుంటేనే వస్తుంది. నువ్వు స్టూలు మీద కూడా కూర్చోవు, ఎగురుతావు."

సోమవారం నాలుగో డిస్కు. ఈలోపు అత్తకి నేర్పాలి. చెయ్యాల్సింది ఆవిడ కదా. కాగితం రాసిచ్చాను:

1. డిస్కు పెట్టి యంత్రం ఆపి మళ్ళీ వెయ్యాలి.
2. ఏదైనా కీ నొక్కమని తెర మీద వస్తుంది. నొక్కమన్నప్పుడల్లా ఆలస్యం చెయ్యకుండా నొక్కాలి, చుక్కలు అయిపోతే మళ్ళీ మొదటికి!
3. ఎంటర్. తర్వాత F8.
4. పాత భాగం తీసెయ్యడానికి D, తర్వాత L. మళ్ళీ ఎంటర్, ఎంటర్.
5. ఇరవై అయిదు అక్షరాల నంబరు అడిగితే, డిస్కు పెట్టె మీద ఉన్నది చూసి కొట్టాలి.

అత్త నా చేతిరాత చూసి మొహం చిట్లించింది. "ఇది రాతా, చీమ సిరాలో పడి లేచి నడిచిందా?" తనే కూర్చుని టైపు కొట్టుకుంది. ఒక నిమిషం పట్టలేదు. అయిదో అంశం దగ్గర వేలు పెట్టి, "ఇది నాకు బాగుంది," అంది.

9, ఆదివారం

స్టూడియో మూత. సెలవులో సెలవు.

10, సోమవారం

నాలుగో డిస్కు. మెల్లగా రాశాను, ఇరవై ఆరు నిమిషాలు. లేచింది. నీలం తెర. పసుపు గీత ముప్ఫై ఏడు దాటింది. నలభై. అరవై. నేను చప్పట్లు కొట్టాను. అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, కిందికి పరిగెత్తాను. నలభై నిమిషాలు ఒక గీత నడవడం చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. బాబాయికి చెప్పాలి కదా. చెప్పాను, టీ తాగాం, ఆయన కొత్త కెమెరా సంచి చూశాను.

గంట తర్వాత పైకొచ్చాను. అదే నీలం తెర. మొదటి తెర. "సెటప్‌కు స్వాగతం."

"ఇదేంటత్తా? ఇంకా ఇక్కడే ఉందేం?"

"తిరిగొచ్చిందే. మూడుసార్లు తిరిగొచ్చింది. మూడుసార్లూ కాగితంలో ఉన్నట్టే చేశా."

"అంటే రెండో దశలోకి వెళ్ళట్లేదన్నమాట..."

"నాకేం తెలుసు? ఆ ఇరవై అయిదు అక్షరాలు ఎప్పుడడుగుతుంది? వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నా."

నేను వినలేదు. తల పట్టుకున్నాను. మొదటి దశ అయ్యాక యంత్రం ఆగి లేస్తుంది, లేచి హార్డ్ డిస్కులోంచి రెండో దశ మొదలుపెట్టాలి. అది మొదలుపెట్టట్లేదు. మొదటికే వస్తోంది. అంటే నేను కలిపిన అప్‌డేట్లలో ఏదో ఒకటి రెండో దశని పాడుచేస్తోంది. స్పష్టం.

నాలుగో డిస్కు పావురాలకి.

11, మంగళవారం

అయిదో డిస్కు. ఇరవై ఏడు అప్‌డేట్లూ తీసేసి ఒక్క సర్వీస్ ప్యాక్ మాత్రం కలిపాను. పైన పెట్టాను, కిందికొచ్చి ఆరోదానికి ఫోల్డర్ సర్దుతూ కూర్చున్నాను. ముప్పావుగంటకి వెళ్ళి చూస్తే సెటప్‌కు స్వాగతం.

ఈ స్వాగతం మీద నాకు ద్వేషం పుట్టింది. ఏ గుమ్మం మీద స్వాగతం చూసినా ఇక తిట్టేస్తానేమో.

"ఎన్నిసార్లు వచ్చింది?"

"రెండు. నీకు మొహం అలా ఉందేంటే? కాస్త తిను."

"నువ్వు వేరే ఏమైనా నొక్కావా?"

అత్త ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంది. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో కాగితంలో లేనిది ఒక్క అక్షరం కొట్టలేదమ్మడూ నేను."

నిజమే. ఆవిడ కొట్టదు. అందుకే తప్పు డిస్కుదే.

స్నేహితురాలు మళ్ళీ ఫోన్. ఇంకో కంపెనీ. దానికీ సరేనన్నాను. మొన్నటిది ఏమైందో అడగడం మర్చిపోయాను, ఆమె కూడా చెప్పడం మర్చిపోయింది.

12, బుధవారం

ఆరో డిస్కు. అప్‌డేట్లన్నీ మళ్ళీ పెట్టాను, వరస మార్చి. స్వాగతం.

13, గురువారం

ఏడోది, మొత్తం మొదటి నుంచి. ఫోల్డర్లు చెరిపేసి, ప్యాక్ మళ్ళీ దించుకుని, లేపే ముక్క మళ్ళీ ఊడదీసి, డిస్కు పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని. ఎక్కించమని అత్తకిచ్చి కిందికి పోయాను. బాబాయి అడిగాడు, "ఏడో నెల పిల్లకి తొట్టి సిద్ధం చెయ్యమంటావా, దారం సిద్ధం చెయ్యమంటావా?" నేను నవ్వలేదు. పైకొచ్చాను. స్వాగతం. దారమే, కానీ దాన్ని కిందికి తేలేదు, మూడో నంబరులోనే వదిలేశాను.

యంత్రాలు పాతవి, వాటికి ఈ ప్యాక్ పడదు. లేదా బోర్డువాళ్ళ నిబంధనే తెలివితక్కువది. లేదా ఒరిజినల్ డిస్కే ఒరిజినల్ కాదు. ఈ మూడింటినీ అత్తకి వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఇంక నాలుగు రోజుల్లో సోమవారం కాదూ?" అంది.

"తెలుసు."

"ఊరికే అన్నాలే."

"కుదరకపోతే బోర్డుకి గడువు అడుగుతూ ఉత్తరం కొడదాం."

"ఉత్తరం నేను కొట్టగలను." కాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచింది. "ఒక మాట అడగనా? ఈ ముప్ఫై ఏళ్ళలో సగం ఊరి సెలవు చీటీలు నేనే కొట్టాను. జ్వరానికి, పెళ్ళికి, చావుకి. ప్రతిదాంట్లో రెండు తేదీలుంటాయి. ఇన్నో తేదీ నుంచి, ఇన్నో తేదీ దాకా. నీ సెలవుకి రెండో తేదీ ఎప్పుడూ చెప్పవేం?"

"అప్లై చేశానత్తా. వాళ్ళింకా..."

"సరేలే," అంది. నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. చెయ్యనివ్వకపోవడమే నయం, నా దగ్గర మిగతా సగం లేదు.

సెలవు ఇంకా ఉంది. కావలసినంత ఉంది.

14, శుక్రవారం

రాయకుండా ఉంటే బాగుండేది. రాస్తాను.

స్టూడియో మూసేశాడు బాబాయి. పక్క ఊళ్ళో ఫొటోలు తీయాలట, తాళం వేసుకుని పోయాడు. కింద నాకు పనిలేదు. కనక, మొట్టమొదటిసారి, అత్త పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడో డిస్కే, నిన్నటిదే, మూడో నంబరులో. అత్త మొదలుపెట్టింది. చుక్కలు రాగానే స్పేస్‌బార్ నొక్కింది. ఎంటర్. F8. D, L, ఎంటర్, ఎంటర్. చూడముచ్చటగా చేస్తుంది, వీణ మీద చెయ్యి వేసినట్టు. పసుపు గీత నడిచింది. నడిచింది. నాకు కాళ్ళు దురదపెట్టాయి. కూర్చున్నాను. గీత వంద దగ్గరికి చేరింది. యంత్రం ఆగి లేచింది.

తెర మీద: డిస్కు నుంచి మొదలుపెట్టాలంటే ఏదైనా కీ నొక్కండి. ఒక చుక్క. రెండో చుక్క.

అత్త బొటనవేలు స్పేస్‌బార్ మీద పడింది.

సెటప్‌కు స్వాగతం.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది, చెంప మీద పడ్డట్టు. డిస్కు లోపల పెట్టి ఉన్నంతసేపూ యంత్రం లేచినప్పుడల్లా అదే అడుగుతుంది. మొదటిసారి నొక్కాలి. రెండోసారి నొక్కకూడదు. నొక్కకపోతే ఆ చుక్కలు అయిపోయి, దానంతట అదే రెండో దశలోకి పోతుంది. నాలుగో డిస్కు మంచిది. అయిదోది మంచిదే. ఆరోది, ఏడోది. ఈ నాలుగు రోజులూ నేను చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

అరిచాను. ఏమన్నానో అక్షరాలా రాస్తున్నాను, మర్చిపోకుండా ఉండడానికి: "ముప్ఫై ఏళ్ళ నుంచి చూసి కొట్టడమే గానీ, కొట్టేదేంటో ఒక్కసారైనా చదివావా అత్తా నువ్వు?"

హాల్లో ముగ్గురు అమ్మాయిలు ప్రాక్టీసు చేసుకుంటున్నారు. వాళ్ళ కీబోర్డులు ఆగిపోయాయి.

అత్త తను టైపు చేసుకున్న కాగితం తీసి, రెండో అంశం కింద గోరు పెట్టింది. తర్వాత సొరుగులోంచి నా చేతిరాత కాగితం తీసి, దాని పక్కన పెట్టింది. పారెయ్యలేదు. ఏ ఒరిజినలూ పారెయ్యదు ఆవిడ.

నొక్కమన్నప్పుడల్లా.

"అల్లా నాది కాదు," అంది అత్త. "నీదే. నేను చేర్చలేదు, తియ్యలేదు."

నొక్కమన్నప్పుడు అని రాస్తే సరిపోయేది. ఎందుకు రాశాను? ఊపులో. చుక్కలు అయిపోతాయేమో, ఆలస్యం చేస్తుందేమో అని, గట్టిగా చెప్పినట్టుంటుందని. రెండక్షరాలు. సెక్టార్ల గడిలో ఒక్క అంకె తప్పుగా ఉంటే ఆ ప్రోగ్రాం రాసినవాణ్ణి నాలుగు వాక్యాలు తిట్టాను.

అత్త అమ్మాయిల వైపు తిరిగి, "చేతులాగాయేం? మీకూ చదవాలనుందా?" అంది. కీబోర్డులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఒక్క మాటలోనే నాకు తగలాల్సింది తగిలింది.

15, శనివారం

క్షమించమని అనలేదు. అనడం రాలేదు. పొద్దున అందరికన్నా ముందు వెళ్ళి, అత్త కుర్చీలో కూర్చుని, కాగితం కొత్తగా టైపు కొట్టాను. ఆవిడ వచ్చి వెనక నిలబడింది.

"వేళ్ళు పడుకోబెట్టావేం? వంచు. మణికట్టు పైకి. డిగ్రీ ఇచ్చారు గానీ వేళ్ళు ఇవ్వలేదు నీకు."

"చెప్పు నువ్వు, కొడతాను."

"రెండు. ఏదైనా కీ నొక్కమని వస్తుంది. మొదటిసారి మాత్రమే నొక్కాలి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా," ఆగింది. "ఏం రాయాలి?"

"నొక్కకూడదు."

"అంతేనా? నొక్కకపోతే ఏమవుతుంది? ఎందుకు నొక్కకూడదు?"

చెప్పాను. డిస్కు గురించి, హార్డ్ డిస్కు గురించి, మొదటి దశ, రెండో దశ, అన్నీ, కుర్చీలోంచి లేవకుండా. ఆవిడ మధ్యమధ్య అడిగిన ప్రశ్నలు మా కాలేజీలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఈ పని చెయ్యడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. 8వ తేదీన చెయ్యాల్సిన ఎనిమిది నిమిషాలు.

"అంటే," అంది చివరికి, "రెండోసారి అది అడిగేది అలవాటుకొద్దీ అన్నమాట. జవాబు కోసం కాదు."

కింద బాబాయి తిరిగొచ్చాడు. నాలుగూ ఆరూ పావురాల దగ్గర్నుంచి విడిపించుకొచ్చాను. రెట్ట తుడిచాను. అయిదోది అక్కర్లేదు, అందులో ఆ ఇరవై ఏడు అప్‌డేట్లూ లేవు. నాలుగు, ఆరు, ఏడు: మూడు మంచి డిస్కులు, ఒకేసారి మూడు యంత్రాలు.

మధ్యాహ్నం మూడో నంబరు రెండో దశలోకి వెళ్ళింది. ఇరవై అయిదు అక్షరాల నంబరు అడిగింది. అత్త వేళ్ళు చాచి, విరిచి, పెట్టె మీద చూపు పెట్టి కొట్టింది. నాలుగు సెకన్లు. నేను గడియారం చూశాను.

"ఇంతేనా?" అంది, బాగా నిరుత్సాహపడి. "ఇంకాసేపు ఉంటుందనుకున్నా."

నెట్ వైరు తగిలించాను. ఒకటి, రెండు, పది నిమిషాలు. అంకెల పెట్టె రాలేదు.

16, ఆదివారం

పద్నాలుగూ అయ్యాయి. తొమ్మిదో నంబరు స్పేస్‌బార్ అంటుకుపోతోంది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. మార్చడానికి వేరే కీబోర్డు లేదు. పరిశీలకుడు తొమ్మిది చూపించకపోతే చాలు.

17, సోమవారం

తొమ్మిది చూపించాడు.

పొడుగాటి మనిషి, మడత గొడుగు, చేతిలో గడులు గీసిన కాగితం. నన్ను చూసి, "మీరు సిబ్బందా?" అన్నాడు. కాదన్నాను. "అయితే బయట." వరండాలో నిలబడ్డాను. గాజు తలుపు, సందు తెరిచే ఉంది. మాటలు వినపడుతున్నాయి, తెర వారగా కనపడుతోంది. మెట్ల మీద బాబాయి కూడా వచ్చి నిలబడ్డాడు, షాపు వదిలేసి.

పదీ పదికి మొదలు. అత్త డిస్కు పెట్టింది. చుక్కలు. స్పేస్‌బార్ కాక ఎంటర్ నొక్కింది. తొమ్మిదో నంబరు సంగతి తనకి గుర్తుంది, నాకు గుర్తులేదు. F8. D, L. పసుపు గీత. పరిశీలకుడు గోడ మీది ఎర్ర అక్షరాలు చదివాడు. "చూసి కొట్టు, ఉన్నది కొట్టు. బాగుందండీ. మా ఆఫీసులో పెట్టాల్సింది."

"పెట్టుకోండి. ఎవరూ చదవరు," అంది అత్త.

గీత చివరికొచ్చింది. యంత్రం ఆగి లేచింది. నా గోళ్ళు తలుపు చట్రంలో దిగాయి.

డిస్కు నుంచి మొదలుపెట్టాలంటే ఏదైనా కీ నొక్కండి. ఒక చుక్క.

పరిశీలకుడు ముందుకి వంగాడు. "మేడమ్, ఏదో కీ నొక్కమంటోంది."

అత్త రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండో చుక్క.

"మేడమ్, నొక్కండి. టైము అయిపోతుంది."

ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఎదురుగా రాసి ఉంది, పక్కనున్న అధికారి చదివి మరీ చెబుతున్నాడు. అత్త బొటనవేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోవడం నాకిక్కడికి కనపడింది. మూడో చుక్క.

"అది మనల్ని అడిగేది కాదండీ," అంది అత్త. "అలవాటుకొద్దీ అడుగుతుంది. కాసేపు ఊరుకుంటే దానంతట అదే పోతుంది."

నాలుగు. అయిదు.

తెర నల్లబడింది. ఎంతసేపు నల్లగా ఉందో నాకు తెలియదు. బాబాయి నా భుజం పట్టుకున్నాడో నేనే ఆయన చొక్కా పట్టుకున్నానో కూడా తెలియదు. రెండో దశ మొదలైంది.

ఇరవై అయిదు అక్షరాల దగ్గర పరిశీలకుడు కళ్ళజోడు సవరించుకుని, "ఒక్కొక్కటీ నేను చదివి చెప్పనా?" అన్నాడు. "చెప్పండి," అంటూనే కొట్టేసింది. ఆయన ఇంకా రెండో అక్షరం దగ్గరున్నాడు.

పదకొండూ రెండు. యాభై రెండు నిమిషాలు. నెట్ వైరు ఆయనే తగిలించాడు, పావుగంట కూర్చుని చూశాడు. ఏమీ కాలేదు. గడుల్లో టిక్కులు పెట్టాడు, ఆఖరి గడిలో సంతకం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "నేను చెబితే నొక్కుతారేమోనని చూశాను మేడమ్. పోయిన వారం రెండు కేంద్రాలు తిరిగొచ్చాను. రెండు చోట్లా నొక్కారు."

ఆయన మెట్లు దిగాక అత్త వరండాలోకి వచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకుంది.

"ఎంత కష్టమే," అంది. "నొక్కకుండా కూర్చోవడం."

"తెలుసత్తా."

"నీకేం తెలుసు?"

18, మంగళవారం

స్నేహితురాలు రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి తీశాను. మూడో కంపెనీ, రేపే రమ్మంటున్నారు, ఇప్పుడే అవునో కాదో చెప్పాలట. ఆలోచించుకుని చెబుతానన్నాను. "నువ్వా?" అంది.

మధ్యాహ్నం అత్త పాత టైపు మిషన్ ముందు కూర్చున్నాను. సెలవు చీటీలో మొదటి తేదీ కొట్టాను, రెండోదాని చోటు అలాగే ఉంచాను. అత్త వచ్చి చూసి, "దాకా?" అంది.

"దాకా లేదత్తా. సెలవు కాదు. ఉద్యోగం మానేశాను."

"తెలుసు," అంది. "వేళ్ళు వంచి కొట్టు."